గుత్తులరేవు మోకు ప్రాజెక్టు

ప్రాజెక్టు అంటే ఏమిటో తెలియకుండానే మా గుత్తులరేవు ఇరిగేషన్ డివిజన్ ఆఫీసు ఇన్నేళ్ళు పనిచేసింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కాలువగట్టుకు గండిపడితే పూడ్చేవాళ్ళం. లాకు తలుపు బిగుసుకుంటే గ్రీజు రాసేవాళ్ళం. రేవులో బల్లకట్టు పలక ఊడితే మేకు కొట్టేవాళ్ళం. ఆ మేకుకొక లక్ష్యం ఉందా, పరిధి ఉందా, ఆ మేకు వల్ల ప్రభావితులయ్యే వర్గాలెవరు అని ఏనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పనులు చేసుకుంటూ పోయాం, అవి కాస్తా అయిపోతూ ఉండేవి.

మా కళ్ళు తెరిపించినవారు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దండు విశ్వనాథరాజు గారు. దసరాకి ముందు ఆయన నగరంలో ఏదో శిక్షణకు వెళ్ళి, నీలం పట్టీ ఉన్న కార్డొకటి మెడలో వేసుకుని తిరిగొచ్చారు. శిక్షణ అయిపోయినా ఆ కార్డు మెడ దిగలేదు. వచ్చిన రోజే స్టాఫునంతా తన గదిలోకి పిలిచారు.

“ప్రాజెక్టు అనగానేమి?” అని అడిగారు.

స్టోరుకీపరు లాజరు లేచి చేతులు కట్టుకుని, “ఆనకట్టండి,” అన్నాడు.

“తప్పు. ఒక నిర్ణీత తేదీన ప్రారంభమై, ఒక నిర్ణీత తేదీన సమాప్తమై, ఒక విశిష్టమైన ఫలితమును ఇచ్చునట్టి తాత్కాలిక ప్రయత్నమును ప్రాజెక్టు అందురు. మొదలూ తుదీ లేని పని పనే కాదు. ఇకమీదట ఈ ఆఫీసులో ప్రాజెక్టు కానిదేదీ జరగడానికి వీల్లేదు.”

రాజు గారి మాటంటే మాటే. మొట్టమొదట ఈ దెబ్బ తగిలింది ఆఫీసు ఊడ్చే మంగాయమ్మకి. ఊడవడం ఎప్పటికి పూర్తవుతుందో రాసిమ్మన్నారు. “దుమ్ము రోజూ పడతది గదండి, పూర్తవడమేటండి?” అందామె అమాయకంగా. రాజు గారు దయగల మనిషి కాబట్టి ఒక వారం గడువుతో ఊడ్పు ప్రాజెక్టు మంజూరు చేశారు. అది సకాలంలో విజయవంతంగా ముగిసింది. మంగాయమ్మకి ప్రశంసాపత్రం ఇచ్చి చీపురు స్టోర్లో జమ చేయించారు. ఆ తర్వాత పడ్డ దుమ్ము మా పరిధిలోది కాదు గనక దాని మీదే నడుస్తున్నాం. టీ మాత్రం బతికి బయటపడింది. ప్రతి గ్లాసుకీ ఒక మొదలూ ఒక తుదీ ఉంటాయి కదా.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు. నా పేరు సోమయాజులు. అదే ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. రాజు గారు నోటితో అన్నదాన్ని ఆర్డరు భాషలోకి దించడం నా ఉద్యోగం. గ్రాంథికం కలిపి రాస్తే ఎంత తిక్క పనైనా పనిలాగే కనిపిస్తుందన్నది సర్వీసులో నేను నేర్చుకున్న మొదటి విద్య.

మేమిలా జ్ఞానవంతులమై ఉండగా, దీపావళి వెళ్ళిన మర్నాడు, రేవులో బల్లకట్టు మోకు తెగిపోయింది.

మోకు సంగతి రేవు ఎరగనివాళ్ళకి చెప్పాలి. మా ఆఫీసు ముందు గోదావరి పాయ ఒకటి పారుతుంది. దాని అవతల కొత్తమేరక లంక. నాలుగు వైపులా నీళ్ళే. ఈ గట్టు మీది స్తంభం నుంచి ఆ గట్టు మీది స్తంభం దాకా చేతి మందాన తాడొకటి కట్టి ఉంటుంది. అదే మోకు. సరంగు పోలయ్య బల్లకట్టు మీద నిలబడి ఆ మోకును పట్టి లాగుతుంటే మనుషులూ, మోటారు సైకిళ్ళూ, అరటిగెలలూ, పూలబస్తాలూ ఇవతలికి చేరతాయి. మధ్యలో గడకి నేల అందదు. అంచేత మోకు లేకపోతే బల్లకట్టు ఉన్నచోటే ఉంటుంది.

వెనకటి అజ్ఞానపు రోజుల్లో మోకు తెగితే పోలయ్య వచ్చి కేకేసేవాడు, లాజరు స్టోర్లోంచి కొత్తది తీసిచ్చేవాడు, పొద్దున తెగింది మధ్యాహ్నం భోజనాల వేళకి మళ్ళీ కట్టి ఉండేది. స్టోర్లో ఎప్పుడూ ఒక కొత్త మోకు చుట్ట చుట్టి సిద్ధంగా ఉంటుంది. ఈసారి కూడా లాజరు అలవాటు కొద్దీ దాన్ని భుజానికెత్తుకున్నాడు. కిటికీలోంచి రాజు గారు చూశారు.

“దించవయ్యా! ఆ మోకు ఏ ప్రాజెక్టు కింద బయటికొస్తోంది?”

లాజరు గతుక్కుమని దించేశాడు.

అప్పటికే నూకరత్నం ఆఫీసు మెట్లెక్కి వస్తోంది. పెసంగి నూకరత్నం లంకలో ఒక చెక్క నేల కౌలుకి తీసుకుని చామంతులు వేస్తుంది. మొగుడు పోయాక ఆ సాగు ఒంటి చేత్తో నడుపుతోంది. చామంతి రైతుకి ఏడాదంతా ఒక ఎత్తు, కార్తీకమాసం ఒక ఎత్తు. ఈ నెల పూలు మార్కెట్టుకి చేరితే కౌలు చెల్లుతుంది, భూమి ఆమె చేతిలో ఉంటుంది. చేరకపోతే ఉగాదికి ఆ చెక్క ఇంకొకరి పాలవుతుంది. ఆ మాటే రాజు గారికి చెప్పింది.

“పూలు సీకట్నే కోసి పొద్దెక్కేలోగా మార్కెట్టుకి చేర్చాలండి. నాటు పడవల మీద ఎన్ని బస్తాలు పడతాయండి? మోకు కట్టించెయ్యండి బాబూ, మీకు పున్నెం ఉంటది.”

వింటూంటే రాజు గారి కళ్ళు చెమర్చాయి. జాలి అనుకుని నేను పొరబడ్డాను.

“సోమయాజులు గారూ! దీనికి మొదలుంది, తుది ఉంది, విశిష్ట ఫలితం ఉంది. ఇన్నాళ్ళకి మనకొక అచ్చమైన ప్రాజెక్టు దొరికిందండీ!” అన్నారు.

వారం తిరక్కుండా నగరం నుంచి ఆకర్ష్ అనే కన్సల్టెంటు దిగాడు. పాతికేళ్ళుంటాయి. ఒడిలో ఎప్పుడూ లాప్‌టాప్. నీళ్ళు చూస్తే భయం, తెల్లబోర్డు చూస్తే ఆనందం. మొదటి సమావేశానికి నూకరత్నాన్ని కూడా పిలిచారు. అందరికీ సమోసా ఇచ్చారు, ఆమెకి రెండిచ్చారు.

“బేసిక్‌గా, ఒక ప్రాజెక్టు వల్ల లాభమో నష్టమో కలిగే ప్రతి మనిషీ స్టేక్‌హోల్డరే,” అంటూ ఆకర్ష్ బోర్డు మీద నాలుగు గళ్ళు గీశాడు. నిలువునా అధికారం, అడ్డంగా ఆసక్తి. ఎవరికెంత ఉందో చూసి ఆ గడిలో కూర్చోబెట్టాలట. రాజు గారికి అధికారం ఎక్కువ, ఆసక్తీ ఎక్కువేనని ఆయనే చెప్పారు. పై ఊళ్ళో ఉండే సూపరింటెండింగ్ ఇంజనీరు గారికి అధికారం మెండు, ఆసక్తి నిల్లు. అలాంటివాళ్ళని తృప్తిగా ఉంచాలని ఆ గడిలో రాసుంది. ఈ ఒక్క సూత్రం మాకు శిక్షణ లేకుండానే తెలుసు. పోలయ్యా లాజరూ మనుషుల లెక్కలోకి రారు, వాళ్ళు వనరులు. ఇక నూకరత్నం ఆసక్తి బోర్డు పట్టకుండా ఉంది, అధికారం సున్నా. ఆమె గడిలో ‘సమాచారం అందిస్తూ ఉండవలెను’ అని ఉంది.

“సమాచారం నాకెందుకండి? మోకు అందించండి, సాలు,” అంది నూకరత్నం.

“మేడమ్, మీరు గడి దాటి మాట్లాడుతున్నారు,” అన్నాడు ఆకర్ష్ మర్యాదగానే.

ఆమెకు రోజూ ఫోన్ చేసి సమాచారం అందించే బాధ్యత నామీద పడింది. మర్నాడే మొదలుపెట్టాను.

“నూకరత్నం గారూ, నేటి వరకు మోకు కట్టబడలేదని తమకు తెలియజేయడమైనది.”

“తెలుసండి. ఎదురుగుండా కనపడతంది గదండి.”

“మీకు తెలిసినట్టు నమోదు చేసుకున్నానమ్మా.”

ఇవతల పని విభజన జరుగుతోంది. పెద్ద పనిని చిన్న పనులుగా, చిన్న పనుల్ని ఇంకా చిన్నవిగా, ఇక చీల్చడానికి వీల్లేనంత వరకూ చీల్చాలి. మోకు కట్టుటలో ముడి వేయుట ఒక భాగం. ముడి వేయుటలో కొస పట్టుకొనుట, స్తంభం చుట్టూ తిప్పుట, కొసను సందులో దూర్చుట, బిగించుట, బిగిసినదని ధ్రువీకరించుట వేరువేరు పనులు. ఒక్కోదానికి ఒక్కో బాధ్యుడు. లాజరు తల గోక్కుని, “ముడేస్తే అయ్యన్నీ ఓపాలే అయిపోతాయండి,” అన్నాడు.

“అందుకే ఇన్నాళ్ళూ మన రేవులో నియంత్రణ లేకుండా పోయింది,” అన్నారు రాజు గారు.

ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో రంగు పట్టీలతో చూపించే చార్టు రాయించారు. బజార్లో సైన్‌బోర్డులు రాసే పెయింటరొచ్చి రాజు గారి గదిలో మొదలుపెట్టాడు. గోడలు చాలక వరండాలోకొచ్చి, రికార్డు రూము మీదుగా బాత్రూము తలుపు దాకా వెళ్ళాడు. చూడడానికి జనం వచ్చేవారు. ఆ చార్టు ప్రకారం ప్రాజెక్టు ముగింపు కార్తీకమాసం చివరి ఆదివారం. సూపరింటెండింగ్ ఇంజనీరు గారికి ఆ రోజే ఖాళీ. ఆదివారం కూడా ఆఫీసేమిటి ఖర్మ అనుకున్నాను గానీ పైకి అనలేదు.

మొత్తం పనుల్లో ఏది ఒక్కరోజు జాప్యమైనా ప్రాజెక్టంతా జాప్యమవుతుందో దాన్ని కీలకం అంటారు. ఆకర్ష్ లాప్‌టాప్‌లో కొట్టి చూస్తే మా ప్రాజెక్టులో అది శిలాఫలకం అని తేలింది. రాయి తెచ్చి, చెక్కించి, పేర్లు సరిచూసి, పాలిష్ పెట్టించేసరికి దాదాపు మూడు వారాలు పడుతుంది. మోకు కట్టడం మాత్రం చివరి రోజు దాకా ఎప్పుడు చేసినా నష్టం లేదని పచ్చరంగులో వచ్చింది. రాజు గారు ఊపిరి పీల్చుకున్నారు.

“మోకు గురించి మనకేమీ ఆందోళన లేదన్నమాట!”

ఆ మాట నూకరత్నానికి ఫోన్లో చెప్పాను. “ఇయ్యాల కోసిన పూలు సగం గేదెలకేశానండి,” అంది. సమాచారం అందించడమే గానీ అందుకునే గడి లేకపోవడంతో ఆ మాట ఎక్కడా రాయలేదు.

లంక జనం మాలాగా చదువుకున్నవాళ్ళు కారు. వాళ్ళకి ఓపిక ఉండదు. గేదెల పలుపులూ, బావి చేదలూ, అరటిగెలలు కట్టే నైలాన్ తాళ్ళూ పోగేసి, ఊరంతా కూర్చుని పేని, ఒక లావుపాటి తాడు తయారుచేశారు. పోలయ్యని పిలిచి ఒక తెల్లవారుజామున కట్టేసుకున్నారు. నేను ఆఫీసుకొచ్చేసరికి బల్లకట్టు కిర్రుకిర్రుమంటూ వస్తోంది. దాని మీద పూలబస్తాల మధ్య నూకరత్నం. నెల మొత్తంలో ఆమె నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

లోపల మా ఆఫీసు శవం లేచిన ఇల్లులా ఉంది. ఆకర్ష్ లాప్‌టాప్ మూసి తల పట్టుకున్నాడు.

“బేస్‌లైన్ పోయింది సార్! మనం మొదలెట్టినప్పుడు మోకు లేదు. ఇప్పుడుంది. ఉన్నదాన్ని మళ్ళీ ఎలా కడతాం? అసలీ ప్రాజెక్టు ఎందుకూ అని పైవాళ్ళు అడిగితే ఏం చెప్తాం?”

“పరిధికి వెలుపల జరిగిన పని!” రాజు గారు లేచి నిలబడ్డారు. “సమస్యే లేకపోతే పరిష్కారమెట్లా చూపిస్తామండీ? సోమయాజులు గారూ, యథాస్థితి.”

నా సర్వీసులో నేను రాసిన ఆర్డర్లలో ఆనాటిది మణిపూస. ‘గుత్తులరేవునందు కొందరు వ్యక్తులచే అనధికారికంగా తొలగింపబడిన సమస్యను తక్షణమే యథాస్థానమున పునఃప్రతిష్ఠించవలెను.’ లాజరు కొడవలి తీసుకుని వెళ్ళాడు. నూకరత్నం గట్టున నిలబడి చూసింది. తాడు తెగి నీళ్ళలో పడ్డాక రాజు గారి దగ్గరికొచ్చింది.

“కట్టడానికి నెలన్నారు. కొయ్యడానికి ఒక్క పూట పట్టలేదేటండి?”

“అది చేంజ్ రిక్వెస్టమ్మా. అత్యవసరమైనవాటికి దారి వేరు,” అన్నారు రాజు గారు ఓర్పుగా.

ఇక లంకవాళ్ళకి చిన్న నాటు పడవలే గతి అయ్యాయి. ఒకటి రెండు బస్తాలైనా దాటించుకుందామని వాటి మీదే వేసుకుని వస్తుంటే ఒకనాడు ఒక పడవ ఒరిగింది. మనుషులకేమీ కాలేదు, బస్తా ఒకటి ఏట్లో పడి పూలు కొట్టుకుపోయాయి. ఆకర్ష్ ఉలిక్కిపడి రిస్కు రిజిస్టరు తెరిచాడు. ప్రతి ప్రమాదానికీ ఒక యజమాని ఉండాలట. ఈ ప్రమాదానికి రాజు గారు యజమాని అయ్యారు. ప్రమాదాన్ని భరించవచ్చు, తగ్గించవచ్చు, ఇంకొకరి నెత్తిన పెట్టవచ్చు, అసలు లేకుండా చేయవచ్చు. రాజు గారు చివరిది ఎంచుకున్నారు. లంకలో ఉన్న పడవలన్నీ స్వాధీనం చేసుకుని మా స్టోరు వెనక గొలుసులేసి తాళం పెట్టించారు. ఏరు దాటే సాధనమే లేకపోయేసరికి ఏట్లో మునిగే ప్రమాదం సున్నా అయింది.

జనం ఇబ్బంది పడకూడదని ప్రాజెక్టు కిందే ఒక మోటారు లాంచీ అద్దెకు తెచ్చారు. అందులో మనుషులు మాత్రమే ఎక్కాలి, సరుకు ఎక్కరాదు. మూడో రోజు నూకరత్నం ఆ లాంచీ దగ్గరికొచ్చింది. మెడలో చామంతి దండలు, భుజాల మీద దండలు, నడుం చుట్టూ దండలు, కొప్పునిండా పూలు. మొహం ఒక్కటే కనిపిస్తోంది.

“మనిషినేనండి, ఎక్కించుకోండి,” అంది.

ఆకర్ష్ ఆమె చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. “బేసిక్‌గా, మీరు సరుకు ధరించిన మనిషి. అది సరుకు కిందికే వస్తుంది మేడమ్.”

రేవులో అందరి ముందూ ఒక్కొక్క దండా తీసి గట్టు మీద పెట్టింది. ఏడవలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండునని నాకే అనిపించింది. ఆ సాయంత్రం ఫోన్ చేస్తే, “సెప్పండి సోమయాజులు గారూ, ఇయ్యాల్టి సమాచారం ఏటి?” అంది. మోకు కట్టబడలేదని ఎలాగో చెప్పి పెట్టేశాను.

చివరి ఆదివారం రానే వచ్చింది. శిలాఫలకం ముందురోజే చేరింది, నున్నగా అద్దంలా ఉంది. పొద్దున లాజరు ఈ గట్టునా పోలయ్య ఆ గట్టునా నిలబడి, పని విభజన పక్కనపెట్టి, ఒక చుట్ట కాలేంతలో మోకు కట్టిపారేశారు. ముగింపు సభ లంకలోనే పెట్టాలని రాజు గారి నిర్ణయం. ఫలితం లబ్ధిదారుల గట్టునే కనిపించాలి కదా. షామియానా, కుర్చీలు, మైకు, శిలాఫలకం, రాజు గారు, ఆకర్ష్, నేను అందరం బల్లకట్టెక్కి దాటాం. లాజరు ఆర్డర్లన్నీ చేతపట్టుకుని ఇవతలి గట్టునే ఉండిపోయాడు. సూపరింటెండింగ్ ఇంజనీరు గారు మాత్రం రాలేదు. తాను పూర్తి తృప్తితో ఉన్నట్టు మెసేజీ పంపారు.

లంక రేవులో నూకరత్నం బస్తాలు వరసగా పేర్చి, తడిగుడ్డలు కప్పి కూర్చుంది. తోటలో మిగిలిన పూలన్నీ కోసేసిందట.

“రేపు ఆఖరి సోమారం అండి. ఇయ్యి రేపు పొద్దున్నే మార్కెట్లో పడితే నా కౌలు గట్టెక్కుద్ది. పడకపోతే నా పని అయిపోయినట్టేనండి. బల్లకట్టు ఖాళీగానే ఉంది గదండి, పోలయ్య ఓ తిప్పు ఏసొత్తాడండి.”

“ప్రారంభోత్సవం కాకుండా వాడకం మొదలైతే ఎలాగమ్మా?” అన్నారు రాజు గారు. “సభ అయ్యాక మాతోపాటే తీసుకుపోతాం. ఇంతసేపున్నావు, ఇంకొంచెంసేపు కూర్చో.”

సభ బ్రహ్మాండంగా జరిగింది. రాజు గారు మాట్లాడారు. తర్వాత ఆకర్ష్ మాట్లాడాడు. ఆ తర్వాత ఆకర్ష్ మాట్లాడినదాని మీద రాజు గారు మాట్లాడారు. కాగితాలన్నీ గడువులోపల తయారయ్యాయి. స్టేక్‌హోల్డరు తృప్తి నూటికి నూరు, ఎందుకంటే చేసిన ప్రతి ఫోనూ నూకరత్నం ఎత్తింది. ఈ అనుభవం నుంచి నేర్చుకున్న పాఠం ఒకటి చదివి వినిపించమంటే నేను లేచి చదివాను. ‘లబ్ధిదారులు గడువుకు ముందే లబ్ధి పొందకుండా ఇకమీదట తగు జాగ్రత్తలు తీసుకొనవలెను.’ రాజు గారు చప్పట్లు కొట్టారు. లంక జనం రేవువైపే చూస్తున్నారు.

సరిగ్గా అయిదింటికి రాజు గారు గడియారం చూసుకుని మైకులో ప్రకటించారు. “ఈ క్షణముతో గుత్తులరేవు మోకు ప్రాజెక్టు విజయవంతముగా సమాప్తమైనది!”

నూకరత్నం గబుక్కున లేచి మొదటి బస్తా నెత్తికెత్తుకుంది. రెండడుగులేసి ఆగిపోయింది. ఆమె చూస్తున్నవైపు మేమూ చూశాం. పోలయ్య స్తంభం దగ్గర వంగి ముడి విప్పుతున్నాడు. మోకు జారి నీళ్ళలో పడింది. అవతలి గట్టున లాజరు దాన్ని లాగి చుట్ట చుడుతున్నాడు. ప్రాజెక్టుతోపాటే అద్దె గడువు తీరిన లాంచీ అప్పటికే మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

“ఒరే పోలయ్యా! ఏం చేస్తున్నావురా?” మైకు ఇంకా రాజు గారి చేతిలోనే ఉంది. ఆ కేక ఏరంతా వినిపించింది.

“ఆయ్, మీరిచ్చిన ఆర్డరేనండి. అయిదింటికి ఇప్పెయ్యమన్నారు గదండి,” అన్నాడు పోలయ్య.

రాజు గారు నావైపు తిరిగారు. ఆర్డరు నేను రాసిందే, కంఠతా వచ్చు, పైకే అప్పజెప్పాను. ‘ప్రాజెక్టు సమాప్తమైన తక్షణమే, ప్రాజెక్టు నిమిత్తము వినియోగింపబడుచున్న సమస్త వనరులను విడుదల చేసి స్టోరునందు జమ చేయవలెను.’ ఆయన పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని చెప్పిందే నేను రాశాను. ప్రాజెక్టు తాత్కాలిక ప్రయత్నం. అది ముగిశాక దాని తాడు మాత్రం ఎందుకు మిగలాలి?

లాజరుకి ఫోన్ కలిపి రాజు గారికిచ్చాను. స్పీకరు పెట్టడంతో అందరం విన్నాం.

“మోకు మళ్ళీ కట్టు లాజరూ!”

“ఏ ప్రాజెక్టు కింద తియ్యమంటారండి?”

“నేను చెప్తున్నానయ్యా!”

“ప్రాజెక్టు మేనేజరుగా చెప్తన్నారాండి? ఆ హోదా అయిదింటితో సరండి, ఆర్డర్లో ఉందండి.” లాజరు ఎకసెక్కాలాడే మనిషి కాదు. ఒకసారి మోకు భుజానికెత్తుకుని తిట్లు తిన్నవాడు, అంతే.

“పోనీ పడవ పంపు.”

“అయ్యి రిస్కు కింద కట్టేసినయ్యండి. ఇప్పాలంటే రిస్కు ఓనరు గారొచ్చి ఇక్కడ రిజిస్టర్లో సంతకం ఎట్టాలండి.”

రిస్కు ఓనరు గారు ఫోను నాకిచ్చేసి కుర్చీలో కూలబడ్డారు. సూపరింటెండింగ్ ఇంజనీరు గారికి చేస్తే స్విచ్చాఫ్. తృప్తిగా ఉన్న మనిషి ఫోన్ ఎందుకెత్తుతారు? ఆకర్ష్ ఏటివైపు బిత్తరచూపులు చూస్తూ నా పక్కకి జరిగాడు.

“బేసిక్‌గా, మనకిప్పుడు ఆసక్తి చాలా ఎక్కువ. అధికారం లేదు,” అన్నాడు సన్నగా.

నూకరత్నం మమ్మల్ని చూసి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆమె కళ్ళు బస్తాల మీదే ఉన్నాయి. మేము ఒక రాత్రి లంకలో ఉంటే దోమలు కుడతాయి. ఆ బస్తాలు ఉంటే ఆమె బతుకే పోతుంది. ఆ ముక్క తెలిసినవాళ్ళం అక్కడ ముగ్గురం ఉన్నాం, ముగ్గురమూ తలలు వంచుకున్నాం. ఆమె నా చేతిలో ఫోను తీసుకుంది.

“లాజరన్నా, నేను నూకరత్నాన్ని. పడవలు ఎందుకు కట్టేశారన్నా?”

“ప్రాజెక్టులో రిస్కు ఉందనమ్మా.”

“ప్రాజెక్టే అయిపోయింది గదా. ఇంక రిస్కెక్కడిది? సోమయాజులు గారు రాసింది సదువు. సమస్తం ఇడుదల సెయ్యమన్నారా, మోకు ఒక్కటే సెయ్యమన్నారా?”

ఇన్ని వారాలుగా రోజూ నేనందించిన సమాచారం ఊరికే పోలేదన్నమాట. అవతల కాగితం గలగలలాడింది. లాజరు కూడబలుక్కుని చదువుతున్నాడు. “సమస్త అనే ఉందమ్మా,” అన్నాడు చివరికి. “అయితే ఇప్పెయ్యాల్సిందే. తాళాలు ఇప్పుడే తీసేత్తాను. సీకటడిపోతంది గదా, మనుషుల్ని కేకేసి తెల్లారగట్ట పడవలు పంపుతానమ్మా.”

ఆ రాత్రి నూకరత్నం పాక ముందే పడుకున్నాం. అన్నమూ, చింతకాయ పచ్చడీ పెట్టింది. రాజు గారు రెండోసారి వడ్డించుకున్నారు.

తెలతెలవారుతుండగా మంచులోంచి పడవలొచ్చాయి. రాజు గారు మెడలో కార్డు సర్దుకుని, ప్యాంటు మడిచి, అందరికంటే ముందు నీళ్ళ అంచుకి నడిచారు. ఆయన కాలు పెట్టబోయిన పడవలో దబ్బున ఒక బస్తా పడింది. తర్వాత ఇంకొకటి. లంక జనం చేతులు మార్చుకుంటూ అందిస్తున్నారు. చూస్తూండగానే ఆ పడవ నిండింది, పక్కది నిండింది, దాని పక్కదీ నిండింది. ఆఖరి పడవలో బస్తాల మధ్య కాస్త చోటు మిగిలితే నూకరత్నమే దూకి కూర్చుని తెడ్డు అందుకుంది.

“ఏమమ్మా, ఆఫీసర్లం ఇక్కడ నిలబడి ఉంటే ముందు సరుకా?” అన్నారు రాజు గారు, ఒక కాలు నీళ్ళలోనూ ఒక కాలు ఇసుకలోనూ ఉంచి.

“పూలు వాడిపోతాయండి,” అంది నూకరత్నం పడవను నెట్టుకుంటూ. “తమరు వాడిపోరు గదండి.”